ఎనిమిది తీగలు రెండయ్యాక

మా బాపుకు కరెంటంటే భయం. భయమని ఆయన ఒప్పుకోడు, జాగ్రత్త అంటాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు పక్క చేను ఆసామి ఒకాయన తడిచేతులతో ఫ్యూజు పట్టుకొని ఆయన కళ్ళముందే పోయాడట. అప్పటినుంచి స్టార్టరు డబ్బా తలుపు తీయాలన్నా చెప్పులు తొడుక్కొని, ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకొని తీసేవాడు. ఫ్యూజుల జోలికి మాత్రం పోయేవాడే కాదు. ఫ్యూజు కొట్టేస్తే ఊళ్ళో ఎవరినో ఒకరిని బతిమాలి తెచ్చుకునేవాడు. "ఇంత మనిషివి, గంత తీగముక్కకు భయపడ్తవా?" అని నేనే ఎక్కువ ఆటపట్టించేదాన్ని. ఆ ఏడు మా ఇంట్లో జరిగినదంతా ఈ భయం చుట్టూనే జరిగింది కాబట్టి ముందుగా చెబుతున్నాను.

మా ఊరు నర్మెట్ట దగ్గర. ఇప్పుడు వేరువేరు జిల్లాలయ్యాయి గానీ, అప్పట్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. మా అక్కను భూపాలపల్లిలో ఇచ్చారు, బావ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అన్న మహబూబాబాద్‌లో స్టేషను దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. నేను జనగామలో డిగ్రీ పూర్తిచేసి, నౌకరీ దొరకక, ఇంటిపట్టున ఉండి బాపుతోనూ అవ్వతోనూ కొట్లాడుతూ రోజులు గడిపేదాన్ని. మాకు అవ్వ అంటే అమ్మే.

మా బావి పల్లంలో ఉంటుంది. అక్కడ ఫోను పలకదు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు మనిషి బావి దగ్గర లేకపోతే ఆ పూట తడి పోయినట్టే. ఈ బాధ చూసి అన్న ఒక పెట్టె తయారుచేశాడు. నిజానికి రెండు పెట్టెలు. మిట్ట మీద నాటిన గుంజకు పైన ఒకటి, అందులో సిమ్‌కార్డు. కింద బావి గట్టున, స్టార్టరు పక్కన ఇంకొకటి. ఇంట్లో కూర్చొని పై పెట్టెకు ఫోను చేసి ఒక అంకె నొక్కితే మోటారు తిరుగుతుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. రెండు పెట్టెల మధ్య ఎనిమిది తీగల లావుపాటి కేబుల్ మిట్ట నుంచి బావి దాకా పోయేది. ఒక్కో తీగది ఒక్కో పని. ఎర్రది మోటారు తిప్పడానికి, నల్లది ఆపడానికి. మిగతావి కరెంటు మూడు ఫేజులూ వచ్చిందా, మోటారు నీళ్ళు పోస్తున్నదా అనే కబుర్లు పైకి మోయడానికి.

బాపుకు ఆ కేబుల్ ఎంతో నచ్చింది. ఫోను సంగతి ఆయనకు పట్టలేదు, ఎర్ర తీగ సంగతి పట్టింది. ఆ తీగలో షాకు కొట్టేంత కరెంటు ఉండదు. అది విప్పితే మోటారు తిరగదు. అంటే ఫ్యూజు ముట్టుకోకుండానే మోటారును ఆపి ఉంచే ఉపాయం దొరికినట్టే. బావిలో దిగాల్సిన పని పడితే ఆయన ముందు గుంజ దగ్గరికి పోయేవాడు. ఛాతీ ఎత్తున ఉన్న జాయింటు దగ్గర ఎర్ర తీగ మెలిక విప్పి, కొస నేల మీదికి వంచి, దాని మీద ఒక రాయి పెట్టేవాడు. "పండుకోవెట్టిన" అని గట్టిగా అనేవాడు, చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా. ఆ తర్వాతే మెట్లు దిగేవాడు. ఆయనను చూసి పక్క చేను కాక, మాకు బాబాయి వరుస, కూడా అదే మాట అనడం నేర్చుకున్నాడు.

ఆ కేబుల్ నిలవలేదు. రాగి కోసం దొంగలు కోసుకుపోయారు. మళ్ళీ వేస్తే మళ్ళీ కోసుకుపోయారు. మిగిలిన దాన్ని ఎలుకలు కొరికాయి. అన్న దుకాణంలో కూర్చొని దీనికి విరుగుడు ఆలోచించాడు. అప్పట్లో మడతపెట్టే ఫోన్లు రిపేరుకు బాగా వచ్చేవట. మడత దగ్గర కాగితమంత పలచని పట్టీ ఉంటుంది. కింది సగం నుంచి పై సగంలోని తెరకు అక్షరాలు, బొమ్మలు పోయే తోవ అదే. దాని నిండా సన్నటి గీతలు పక్కపక్కనే ఉంటాయి. తెరుస్తూ మూస్తూ ఉంటే ఏదో ఒక గీత తెగి తెర తెల్లబడిపోతుంది. తర్వాత వచ్చిన ఫోన్లలో ఆ గీతలు తగ్గిపోయాయి. అంతకుముందు పక్కపక్కన నడిచే కబుర్లు ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి, ఒకే గీత మీద పోతున్నాయి. తీగలు తక్కువైతే తెగేవీ తక్కువే. అన్నకు అది చూసి పండుగైంది.

ఎనిమిది తీగల కేబుల్ తీసేసి, ఎవరూ దొంగిలించడానికి మనసుపడని సన్నటి రెండు తీగలు వేశాడు. నల్లది ఎర్రదాంట్లో పోయిన కరెంటు వెనక్కి రావడానికి. ఎర్రదాని మీదే అన్ని కబుర్లూ. తలుపు తట్టినట్టే, ఒక్క తట్టు తడితే ఆపాలి, అంతకన్నా ఎక్కువ తడితే తిప్పాలి. కింది పెట్టెకు అలా నేర్పాడు.

బాపు ఆ తీగలను వేళ్ళ మధ్య నలిపి చూసి పెదవి విరిచాడు.

"ఎనిమిదిమంది పని ఇద్దరెట్ల చేస్తర్రా?"

"ఒకలెంక ఒకలు చేస్తరు బాపు. నీ ఎర్ర తీగ నీకున్నది. తీసి పండుకోవెట్టు. తట్టేటోడు లేకుంటే మోటారెట్ల తిరుగుతది?"

అన్న అబద్ధం చెప్పలేదు. దుకాణంలో బల్ల మీద తీగ పీకి మరీ చూశాడు, కింది పెట్టె కదల్లేదు. అక్కడ తీగ మూరెడు పొడవు. ఇక్కడ మిట్ట నుంచి బావి దాకా మోటారు కేబుల్‌ను ఆనుకొని పోతుంది. ఆ తేడా మాలో ఎవరికీ తట్టలేదు. చవకగా అవుతుందని తెలిసి ఊళ్ళో చాలామంది పెట్టించుకున్నారు. అందరికన్నా ముందు కాక. ఎవరో చెబితే కొత్తగూడ అడవి దిక్కు ఒక తండాలో కూడా అన్న పోయి ఒకటి పెట్టి వచ్చాడు.

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. మా ఊరి బస్సు స్టేజీ దగ్గర గుడారం వేసి, మైకు పెట్టి, రోజూ కొందరు దీక్షలో కూర్చునేవారు, ఊరంతా వచ్చి చుట్టూ చేరేది. నేనూ కూర్చున్నాను. తెలంగాణ వస్తే నాకు నౌకరీ వస్తుందని నా గట్టి నమ్మకం. రోడ్డు మీద అడ్డంగా రాళ్ళు, సగం కాలిన టైర్లు. ఎప్పుడూ లారీలతో అదిరే తోవ నిశ్శబ్దంగా ఉండేది. ఒకనాడు బావ భూపాలపల్లి నుంచి ఫోను చేశాడు.

"బాయిలు బందువెట్టినం మామా. బొగ్గు పైకొస్తలేదు. ఇగ కరెంటుకు మీరు గూడ పరేషానయితరు, జర ఓర్సుకోవాలె."

ఓర్చుకుందామనే అనుకున్నాం. వరి పొట్ట మీద ఉంది. కరెంటు ఒక రోజు వస్తే రెండో రోజు రాదు. వచ్చినా ఎప్పుడో ఏ పొద్దుకో వచ్చి పలకరించి పోయేది. మడులు నెర్రెలు బారుతున్నాయి. ఇలాంటప్పుడే మోటారు గ్లాండు కారడం మొదలుపెట్టింది. మోటారుకూ పంపుకూ మధ్య షాఫ్టు చుట్టూ డోరి అనే తాడు చుట్టి బిగించే చోటు అది. అక్కడ కారితే కరెంటు వచ్చినా సగం నీళ్ళే పైకి ఎక్కుతాయి. దిగి కొత్త డోరి చుట్టాల్సిందే.

రెండు తీగలు వేశాక బాపు బావిలో దిగడం అదే మొదటిసారి. నేను ఒడ్డు మీద గడ్డి కోస్తున్నాను. ఆయన గుంజ దగ్గరికి పోవడం, ఎర్ర తీగ విప్పడం, రాయి పెట్టడం నా కళ్ళతో చూశాను. "పండుకోవెట్టిన" అనడం విన్నాను. మెట్లు దిగి ఆయన తల కనబడకుండా పోయింది. కరెంటు లేదు. గాలి కూడా లేదు. నా కొడవలితో నేను ఉన్నాను.

కాసేపటికి స్టార్టరు టక్కుమంది. పైపులోంచి నీళ్ళు దుంకాయి.

ఒక్క క్షణం నాకు సంబురమైంది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ అదే నిజం. ఎన్నో రోజుల తర్వాత నీళ్ళు చూసి, మడి తడుస్తుందని సంబురపడ్డాను. అప్పుడు బావిలోంచి బాపు అరుపు వినబడింది. అది మనిషి గొంతులా లేదు. నేను స్టార్టరు దగ్గరికి ఉరికి ఆపే బటను గుద్ది, మెట్లు దిగాను. ఆయన మోటారు గద్దె మీద కూలబడి, కుడిచేతిని పొట్టకు అదుముకొని ఉన్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు లేవు.

బస్సుల్లేవు. కాక తన బండి మీద నడుమ బాపును కూర్చోబెట్టుకుంటే, వెనక నేను పట్టుకున్నాను. తోవలో రాళ్ళు అడ్డం పెట్టినవాళ్ళు నెత్తురు చూసి వాళ్ళే తీసి తోవ ఇచ్చారు. జనగామ దవాఖానలో కట్టు కట్టాక ఊరివాళ్ళు కొందరు మంచం చుట్టూ చేరారు. ఎట్లయిందని కాక అడిగాడు. నేను నోరు తెరిచేలోపు బాపు అందుకున్నాడు.

"నాదే తప్పు రా. తొందర్ల తీగ తియ్యకుండ దిగిన."

నేను ఆయన మొహం చూశాను. ఆయన కళ్ళతోనే నన్ను వద్దన్నాడు. అందరూ పోయాక, "నువ్వు తీసినవు. నేను చూసిన" అన్నాను.

"చూస్తే చూసినవు తియ్. నా ఏళ్ళు ఎట్లన్న పోయినయి. పోరని పేరెందుకు పోవాలె? గిప్పుడిప్పుడే నలుగురు మెచ్చుకుంటున్నరు వాన్ని."

మూడోనాటికి అన్న ఎవరి బండో పట్టుకొని ఇంటికి వచ్చాడు. రైళ్ళు కూడా ఆపేశారు. వస్తూనే బాపు మీద ఎగిరాడు. "ఎన్నిసార్లు చెప్పిన, తీగ తీసి దిగు, తీగ తీసి దిగు అని!" బాపు తల వంచుకొని తిట్లన్నీ తిన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నను రెక్క పట్టుకొని గుంజ దగ్గరికి లాక్కుపోయాను. విప్పిన తీగ ఇంకా రాయి కిందే ఉంది, ఎవరూ ముట్టలేదు.

"గిది తీసి వెట్టిందెవరు? నీ తాత వచ్చి తీసిండా?"

అన్న ఆ తీగ వెంబడే బావి దాకా నడిచాడు. కింది పెట్టె దగ్గర కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఆ పగలంతా మేమిద్దరం కరెంటు కోసం ఎదురుచూశాం. అన్ని రోజులూ కరెంటు రావాలని మొక్కినదాన్ని, ఆ రోజు మాత్రం వస్తే ఏం చూడాల్సి వస్తుందోనని భయపడ్డాను. పొద్దు వాలుతుండగా వచ్చింది. ఎవరూ ఫోను చేయలేదు, తీగ రాయి కిందే ఉంది. స్టార్టరు టక్కుమంది, మోటారు తిరిగింది.

అన్న లేచాడు. మోటారు ఆపి, ఆ తీగ చూపించి చెప్పాడు.

"పైపెట్టె పట్టుకున్నంతసేపు తీగ గట్టిగుంటది. ఇప్పితే దిక్కులేనిదైతది. పక్కపొంటి మోటారు కేబుల్ ఉన్నది గద, కరెంటు రాంగనే దాని జుమ్ముడంతా గీ తీగకెక్కుతది. కింది పెట్టె గదాన్ని తట్లనుకుంటది. ఒక్కటి దాటితే తిప్పమనే గద నేను నేర్పింది."

ఎనిమిది తీగలున్నప్పుడు ఎర్రది తీస్తే మోటారు చచ్చినట్టు పడి ఉండేది. ఇప్పుడు ఎర్రది తీయడమంటే కరెంటు రాగానే తిరగమని మోటారుకు చెప్పి బావిలో దిగడమే. బాపు చెప్పిన అబద్ధం విని, జాగ్రత్తగల ప్రతి మనిషీ ఇప్పుడు తీగ తీసి మరీ దిగుతాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్న దీక్షా గుడారంలో మైకు అందుకున్నాడు. పాటలు ఆపించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. తప్పు పెట్టెదని, తీగ తీసినా మోటారు తిరుగుతుందని, బాగుచేసేదాకా ఎవరూ బావుల్లో దిగొద్దని బతిమాలాడు. అప్పుడు బాపు కట్టు కట్టిన చేతితో లేచాడు. మైకు లాక్కున్నాడు.

"పోరడు నా తప్పు నెత్తినేసుకుంటుండు. ఇనకుండ్రి. నేను తీగ తియ్యలే. తీసుంటే నాకిట్ల కాకుండె."

అందరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తండ్రి కోసం కొడుకు, కొడుకు కోసం తండ్రి అని మెచ్చుకున్నారు. "గసుంటి కొడుకు ఎంతమందికుంటడు" అని కాక మా అన్న భుజం తట్టి గుడారంలోంచి వెళ్ళిపోయాడు. నేను అరిచాను, తీగ తీయడం చూశానని చెప్పాను. ఆడపిల్లకు అన్న మీద ప్రేమ అన్నారు. అన్న ఇంటింటికీ తిరిగి, పెట్టెలు విప్పుకుపోతానని అడిగితే, పొలం ఎండుతున్నప్పుడు ముట్టుకోవద్దని, సమ్మె అయ్యాక చూద్దామని పంపేశారు.

ఆ సాయంత్రం నేను బాపును తిట్టినట్టు జీవితంలో ఎవరినీ తిట్టలేదు.

"నీ కొడుకు పేరు నిలబడ్డది, సంబురమేనా? రేపు కాక నీ మాట నమ్మి దిగుతడు. సావు కబురొస్తే పోయి ఎవరి పేరు చెప్పుకుంటవు?"

అవ్వ నా నోరు మూయబోయింది. బాపు గోడకు ఆనుకొని కట్టు వైపే చూస్తూ కూర్చున్నాడు. అన్నం తినలేదు. 

అన్నకు ఇంకో దిగులు పట్టుకుంది, కొత్తగూడ దిక్కు తండాలో పెట్టిన పెట్టె. వాళ్ళకు ఫోను చేసి చెబుదామంటే, అన్న దగ్గరున్న నంబరు ఆ పెట్టెదొక్కటే. దానికి ఫోను చేసి ఎవరితో మాట్లాడాలి? తెల్లారకముందే బండి తీసుకొని, అడ్డంకులు తప్పించుకుంటూ మట్టిదారుల్లో పోయాడు. సాయంత్రానికి పెట్టె విప్పి తెచ్చాడు. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సంగతి తెలిసేదాకా అవ్వ పచ్చి నీళ్ళు ముట్టలేదు.

అన్న పోయిన పొద్దునే నేను లేచేసరికి బాపు మంచం ఖాళీగా ఉంది. ముందు మా బావికి ఉరికాను, లేడు. కాక బావి దగ్గర మాటలు వినబడితే అటు పోయాను. కాక చేతిలో గ్లాండు డోరి చుట్ట పట్టుకొని నిలబడ్డాడు. బాపు మెట్ల మొదట్లో అడ్డంగా కూర్చున్నాడు.

"జరగే అన్నా. కరెంటొచ్చేలోపు కట్టాలె."

"దిగాల్నంటే నన్ను తొక్కి దిగు."

కాక నవ్వాడు. తీగ తీశానని, రాయి కూడా పెట్టానని, భయపడొద్దని చెప్పాడు. బాపు లేవలేదు. కాక నవ్వు మానేసి విసుక్కున్నాడు, ఒక మాట పెద్దది కూడా అన్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూడడం మొదలుపెట్టారు. ఎండ ఎక్కింది. బాపు కట్టు మీద ఈగలు ముసురుతుంటే నేను పక్కన కూర్చొని కొంగుతో తోలాను.

స్టార్టరు టక్కుమన్నప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. మోటారు తిరిగింది. సగమే కట్టిన గ్లాండులోంచి నీళ్ళు చిమ్మి బావి గోడను కొట్టాయి. కాక మిట్ట వైపు చూశాడు. గుంజ దగ్గర ఎవరూ లేరు. విప్పిన తీగ కొస మీద రాయి ఉంది.

"నేను తీసిన రా" అన్నాడు బాపు. "ఆనాడు నేను తీసిన. తీసే దిగిన. పోరని కోసం అబద్ధమాడిన."

నేను లేచి మోటారు ఆపాను. కాక ఉన్నచోటే మెల్లగా కూలబడ్డాడు. చేతిలోని డోరి చుట్ట కిందపడి విప్పుకుంది. ఆయన గొంతు నాకు సరిగా వినబడలేదు, దగ్గరికి పోయాక వినబడింది.

"నిన్న నువ్వు మైకుల చెప్పంగనే సీదా గీడికే వచ్చిన అన్నా. తీగ తీసి దిగిన. షాఫ్టు మీద చేతులువెట్టి సగం డోరి చుట్టిన. సాలకుంటే ఎక్కిన. కరెంటు రాలే."

బాపు ఆయన ముందుకు జరిగి కూర్చున్నాడు. కాక రెండు చేతులనూ తన ఎడమచేత్తో ఒడిలోకి లాక్కొని, ఒక్కొక్క వేలూ తడిమి తడిమి చూశాడు.